కుట్టు మిషన్‌కు మీ ఓటీపీతో పనేంటి?

రాయదుర్గం నుంచి ఓ పాఠకురాలు రాశారు: ‘మా అవ్వ వాడిన చేతి మిషన్ ఏళ్ల తరబడి అటకమీద ఉండి బిగుసుకుపోయింది. తుప్పు వదిలించే స్ప్రే కొడితే రెండు రోజులు తిరిగి మళ్లీ మొరాయించింది. మాన్యువల్ కోసం వెతికితే ఒక సైట్ యాప్ వేసుకోమంది. వేసుకున్నాను. ఇప్పుడది ఎస్‌ఎంఎస్, యాక్సెసిబిలిటీ అనుమతులు అడుగుతోంది. ఇవ్వమంటారా?’

ఇవ్వొద్దమ్మా. మిషన్ సంగతి తర్వాత, ముందు ఆ యాప్ తీసేయండి.

మాన్యువల్ పేరుతో, కరెంటు బిల్లు పేరుతో, పెళ్లిపత్రిక పేరుతో ఇదే బాగోతం నాకు ఉత్తరాలుగా వస్తూనే ఉంది. మాన్యువల్ అంటే నాలుగు బొమ్మలున్న పీడీఎఫ్. దానికి మీ మెసేజ్‌లతో ఏం పని? ఎస్‌ఎంఎస్ అనుమతి ఇస్తే బ్యాంకు పంపే ఓటీపీని అవతలివాడు కూర్చున్నచోటే చదువుకుంటాడు. యాక్సెసిబిలిటీ అంతకన్నా ప్రమాదం. చూపు సరిగా లేనివారికోసం పెట్టిన సదుపాయమది. స్క్రీన్ మీద ఉన్నదంతా చదవగలదు, మీరు వేలు పెట్టకుండానే బటన్లు నొక్కగలదు. ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు వెంటనే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ రెండుచోట్లా ఆ యాప్‌ను ఆపి, ఆ తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయుంటే 1930కి ఫోన్ చేయండి, తెల్లారాక చూద్దామనుకోవద్దు.

ఫోన్లు తయారుచేసే కంపెనీలమీదా నాకు కోపమే. టార్చి యాప్‌కూ, క్యాలెండర్‌కూ అనుమతుల పెట్టె చూపించి చూపించి, చదవకుండా నొక్కడం జనానికి అలవాటు చేశారు.

ఇక మిషన్. స్ప్రేలో చాలాభాగం ఆవిరైపోయే ద్రావకమే. పాత నూనె జిడ్డును కాస్త మెత్తబరుస్తుంది, అది ఆరగానే జిడ్డు మళ్లీ గట్టిపడుతుంది. చక్రం ఎలా ఆగుతోందో చూడండి. కొంత తేలిగ్గా తిరిగి ఠక్కున ఆగితే షటిల్ దగ్గర, అంటే సూది కింద బాబిన్ (కింది దారం చుట్టిన చిన్న రీలు) కూర్చునే భాగం దగ్గర, దారం ఇరుక్కుని ఉండొచ్చు. మొదటినుంచీ బరువుగా ఉంటే ఎండిన నూనె. సూది, బాబిన్, షటిల్ తీసేసి, చక్రం మధ్యలోని బిళ్ల వదులు చేయండి. చక్రం ఒక్కటే తిరిగితే చిక్కు లోపల ఉన్నట్టు. అదీ కదలకపోతే చక్రం వెనక ఇరుసుకు దారం చుట్టుకుందేమో టార్చి వేసి చూడండి.

ఇనుము ఇనుముతో రాసుకునే ప్రతిచోటా చుక్క చుక్కగా కిరసనాయిలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున చక్రాన్ని అటు కొంచెం, ఇటు కొంచెం ఆడించండి. మొండికేస్తే ఇంకో రాత్రి. పటకారు పెట్టి తిప్పారో, పోత ఇనుము పగలొచ్చు. హెయిర్ డ్రయర్‌తో వేడి పెట్టాలంటే కిరసనాయిలు వేయకముందే పెట్టండి, తర్వాత పెడితే అంటుకునే ప్రమాదం ఉంది. థిన్నర్, స్పిరిట్, నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి రానీయకండి, మిషన్ మీది బంగారు పూలన్నీ తుడిచే గుడ్డకు అంటుకొస్తాయి.

పాత మిషన్‌లో నూనె ఎక్కడ వేయాలో అక్కడో చిల్లు ఉంటుంది, అంతే. ఇవాళ్టి టచ్‌స్క్రీన్ ఎంబ్రాయిడరీ మిషన్లు చూస్తే ఒళ్లు మండుతుంది. డిజైన్ ఎక్కించడానికి యాప్, యాప్‌కో లాగిన్, ఫోన్ అప్‌డేట్ అయిన మర్నాడు ఆ యాప్ తెరుచుకోదు. జీన్స్ కుట్టే ఊళ్లో ఉన్నారు కాబట్టి చెబుతున్నా: గడువుకు సరుకు ఇవ్వాల్సినవాళ్లు, నెట్ లేకపోతే కదలని మిషన్ జోలికి పోవద్దు.

మీ చక్రం వదులయ్యాక మురికి కారడం ఆగేదాకా తిప్పుతూ తుడవండి. తర్వాత ప్రతి చిల్లులో ఒక్కో చుక్క మిషన్ ఆయిల్ వేయాలి, కిరసనాయిలుతోనే వదిలేస్తే ఇనుము అరుగుతుంది. కొబ్బరినూనె అసలే వద్దు, అదీ జిడ్డుకడుతుంది. మొదటి కుట్లు పాత గుడ్డమీదే వేయండి. మిగిలిన నూనె సూది వెంట దిగి మరకలు పడతాయి.