నీ బండి ఇంకా లిఫ్ట్ మీదే ఉంది

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నీ సంగతంతా చెప్పింది. నీ కారు సర్వీసుకిచ్చావట. పనికి ఐదు రోజులు పడుతుందని షోరూమ్ వాళ్ళు అదే కంపెనీ కొత్త మోడల్ వాడుకోమని ఇచ్చారట. నువ్వేమో ఒక నోట్‌బుక్ కొని, ఒక పేజీలో నీ బండి, ఎదురు పేజీలో వాళ్ళ బండి అని రాసి ఒక్కోదానికి పదికి ఇన్నని మార్కులు వేస్తున్నావట. ఐదో రోజు మార్కులు కూడి నీ బండి ఉంచుకోవాలో అమ్మెయ్యాలో తేలుస్తావట. మీ అమ్మ నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం ముందు గర్వంగా అనిపించింది. నోట్‌బుక్ పెట్టి లెక్క చూసే బుద్ధి మన ఇంట్లో ఒక్కరికీ లేదు, నీకెక్కణ్ణుంచి వచ్చిందో. ఆ తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను.

పొరుగింటి పుల్లకూర సామెత మీ అమ్మ నీకు ఈపాటికి చెప్పే ఉంటుంది. నేను అందుకు రాయడం లేదు. నాకా భయం లేదు. నువ్వు కొత్త బండి చూసి మురిసిపోయే పిల్లవి కాదు. నా భయం వేరే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ముందు మామూలు సంగతులు. ఆ అరువు బండి తీసుకున్న రోజే నాలుగు వైపులా, చక్రాలతో సహా, ఫొటోలు తీసి ఉండాలి. తియ్యకపోతే ఇప్పుడే తియ్యి. ఇన్సూరెన్స్‌లో నువ్వు భరించాల్సిన భాగం ఎంతో, ఆ బండి ఇంకెవరైనా నడపొచ్చో లేదో సంతకం పెట్టిన కాగితంలో చదువు. పెట్రోలో డీజిలో మూత మీద చూసుకుని పోయించు. మూత ఏ వైపుందో ఫ్యూయల్ గేజ్ పక్కనున్న చిన్న బాణం చెబుతుంది. తిరిగిచ్చేటప్పుడు నీ ఫోను పేరు, నంబర్లు ఆ స్క్రీన్‌లోంచి తీసెయ్యి. అంతే.

ఇక నీ మార్కులు. పికప్‌కి వాళ్ళ బండికి తొమ్మిది, నీ బండికి ఆరు వేశావట. ఆ బండి ఏ మోడ్‌లో ఉందో చూశావా? నీకంటే ముందు వాడినవాళ్ళు స్పోర్ట్‌లో పెట్టి వదిలేసి ఉంటే, పెడల్ కొంచెం తొక్కగానే ఎక్కువ ఇస్తుంది. ఇంజన్‌లో అంత బలం ఉందని కాదు, ముందే ఇచ్చేస్తోందని. నీ బండిది ఎకోలో ఉండి ఉంటుంది, నువ్వు పొదుపు మనిషివి కదా. రెండూ మామూలు మోడ్‌లో పెట్టి చూడకుండా ఆ మార్కు చెల్లదు.

మైలేజీ కూడా అంతే. ఆ బండి స్క్రీన్ మీద కనపడే సగటు నీది కాదు, నీకు ముందు నడిపిన పదిమందిది. ట్రిప్ మీటర్ సున్నా చేసి మొదలుపెట్టావా? చేసినా ఐదు రోజుల్లో తేలే లెక్క కాదది. ట్యాంకు నిండుగా పోయించి, తిరిగి, మళ్ళీ నిండుగా పోయించి చూస్తే గానీ అసలు సంగతి తెలియదు. ఆ గడి కొట్టెయ్యి.

రోడ్డు మీద చప్పుడు, పట్టు, కుదుపు, వీటి గురించి మాట్లాడేముందు రెండు బండ్ల టైర్లూ చూడాలి. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లుంటుంది. 1.6కి దిగితే చాలా దేశాల్లో ఆ టైరుతో రోడ్డెక్కకూడదు. నీవి ఇప్పుడెంతున్నాయో కొలిపించావా? టైరు పక్కన డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. నీ టైర్ల మీద ఏముందో నీకు తెలిసుంటే నేను చెవి కోయించుకుంటాను. గాలి కూడా పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ డోర్ చట్రం మీది స్టిక్కర్ ప్రకారం చూడాలి. ఇంకో మాట, వాళ్ళ బండి టాప్ వేరియంట్ అయితే చక్రాలు పెద్దవి, టైరు పక్క గోడ సన్నం. చూడ్డానికి బావుంటుంది, గుంటలో పడితే నడుం చెబుతుంది.

నీ ఏసీకి నాలుగు మార్కులేశావు. ఆ ఫిల్టర్ మార్చి ఎన్నాళ్ళైంది? నీ పిల్లి వెంట్రుకలన్నీ అందులోనే ఉంటాయి.

నేను చెప్పేదేమిటంటే, ఆ నోట్‌బుక్‌లో మార్కుల పక్కన ఇంకో గడి గీసి, పైన "ఎందుకు" అని రాయి. తేడా ఉందనడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ తేడా మోడల్ వల్లా, వయసు వల్లా, లేక నువ్వు చేయించాల్సిన పని చేయించకపోవడం వల్లా? సీటు ఎత్తు, వెనక అద్దంలోంచి ఎంత కనపడుతుందన్నది, ముందు అద్దం పక్కనుండే స్తంభం వెనక మనిషి దాక్కునేంత మందం ఉందా, గంటసేపు నడిపాక నీ నడుం ఏమంటోంది, ఇవి ఏ మెకానిక్కూ మార్చలేనివి. అమ్మాలా వద్దా అన్నది వీటి మీద తేల్చుకో. మిగిలినవాటిలో చాలావరకు నీ బండి జబ్బుల జాబితా. మార్కులనుకుని వేస్తున్నావు గానీ, నువ్వు రాస్తున్నది డాక్టరు చీటీ.

మనం రోజూ నడిపే బండిలో మార్పు మనకి తెలియదు. మీ పెదనాన్న జుట్టు ఎప్పుడు నెరిసిందో నాకు తెలియదు. ఆర్నెల్లకోసారి నువ్వొచ్చి "అయ్యో పెదనాన్నా" అంటే అప్పుడు తేరిపార చూస్తాను. షాక్ అబ్జార్బర్లు ఒక్కరోజులో పోవు. ఇంజన్‌ని పట్టి ఉంచే మౌంట్లు ఒక్కరోజులో నలగవు. రోజుకింత పోతుంటే మన చెయ్యీ కాలూ రోజుకింత సర్దుకుంటాయి. వేరే బండి ఐదు రోజులు నడిపితే ఆ సర్దుబాటు కాస్త వదులుతుంది. అరువు బండి వల్ల అసలు లాభం ఇదొక్కటే. నాకు ఒకసారి ఆ లాభం చేతికొచ్చింది, జారవిడిచాను.

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నీకప్పుడు ఎనిమిది నెలలు. ఎవరో పార్కింగ్‌లో నా బండి డోరుకి సొట్ట పెట్టి పోయారు. సొట్ట తీసి రంగెయ్యడానికి నాలుగు రోజులన్నారు, వాడుకోమని ఇంకో బండిచ్చారు. మొదటిరోజు మలుపు దగ్గర ఎప్పటిలా బ్రేకు తొక్కితే, స్టీరింగ్‌కి తల కొట్టుకున్నంత పనైంది. పెడల్ రాయిలా ఉంది. ఇలా పాదం ఆనించగానే పట్టేసింది. నా బండిలో అయితే సగం దాకా మెత్తగా దిగాకే పట్టేది. ఆ మెత్తదనం నాకు తప్పుగా ఎప్పుడూ తోచలేదు. నా బండి నెమ్మది మనిషి అనుకునేదాన్ని.

రాత్రి మీ పెదనాన్నతో అన్నాను, ఆ బండి బ్రేకు చూస్తే మన బండి బ్రేకు మీద అనుమానంగా ఉందని. "కొత్త బండి కదా, అలాగే ఉంటుంది" అన్నారు. ఆయన్నని లాభం లేదు. ఆ మాట నాకూ హాయిగానే ఉంది. ఇంకా మూడు రోజులు నా బండి వర్క్‌షాప్‌లోనే ఉంది, చిట్టీ. చుట్టూ మెకానిక్కులున్నారు. ఒక్క ఫోన్ చేసి "బ్రేకులు కూడా చూడండి" అంటే చూసేవాళ్ళు. చెయ్యలేదు. జాబ్ కార్డు మీద డోరు సొట్ట, రంగు అని ఉంది, వాళ్ళు అదే చేశారు, కడిగి మెరిపించి ఇచ్చారు. బండెక్కి మొదటి బ్రేకు కొట్టగానే పెడల్ లోపలికి జారింది, గుండె ఝల్లుమంది. రెండో రోజుకి కాలు మళ్ళీ అలవాటు పడిపోయింది.

మూడు వారాలకి కొండ మీదకి వెళ్ళాం. మీ పెదనాన్న రాలేదు. నేను, మీ అమ్మ, నువ్వు. తిరిగి వచ్చేటప్పుడు ఘాట్ దిగుతున్నాం. ఏ గేర్లో ఎక్కితే ఆ గేర్లో దిగాలని నాకు నేర్పినవాళ్ళు చెప్పే చెప్పారు. మీ అమ్మ వెనక నిద్రపోతోందని, ఇంజన్ గట్టిగా అరిస్తే లేస్తుందని, పై గేర్లో వేసి బ్రేకు మీదే దింపుకొస్తున్నాను. ప్రతి మలుపుకీ పెడల్ ఇంకాస్త కిందకి. ఏదో వాసన. ఒక మలుపు దగ్గర తొక్కితే, అడుక్కి వెళ్ళి ఆగింది పెడల్, బండి ఆగలేదు.

కేక పెట్టలేదు నేను. గొంతు పెగల్లేదు. పెడల్ టపటపా తొక్కాను, మూడు నాలుగు సార్లకి కొంచెం పట్టు దొరికింది. గేరు కిందకి లాగాను, బండి మొత్తం ఊగి అరిచింది. హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కిపట్టి కొంచెం కొంచెంగా పైకి లాగుతూ, లోయ వైపు చూడకుండా, కొండ వైపు కాలవలోకి చక్రాలు దింపేశాను. రాతికి రాసుకుంటూ పోయి ఆగింది. సొట్ట తీయించిన డోరే, మళ్ళీ సొట్ట.

అద్దంలో చూస్తే నువ్వు మెలకువగా ఉన్నావు. మీ అమ్మ ఒళ్ళో కూర్చుని నన్నే చూస్తున్నావు. నవ్వావు కూడా.

మీ అమ్మ లేచి "ఏమైందక్కా?" అంది. "బండి వేడెక్కింది" అన్నాను. అబద్ధం కాదు. ఏది వేడెక్కిందో చెప్పలేదు. అరగంట ఆగాక పెడల్ మళ్ళీ మామూలుగా వచ్చేసింది, ఏమీ ఎరగనట్టు. అదే ఇంకా భయం వేసింది నాకు. రెండో గేర్లో చీమలా దిగాను.

మెకానిక్ బ్రేక్ ఆయిల్ తీసి చూపించాడు, మసిలా నల్లగా ఉంది. మార్చి ఎన్నేళ్ళైందో నాకే తెలియదు. పైపుల్లో కాస్త గాలి కూడా చేరిందన్నాడు. ఆ మెత్తదనం అందుకేనట. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుందట. బ్రేక్ ఆయిల్‌లో డాట్ 4 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 155 డిగ్రీలకే మరిగిపోవచ్చు. ఘాట్‌లో అదేపనిగా తొక్కితే ఆ వేడి వస్తుంది. ఆయిల్ మరిగితే బుడగలు. ఆయిల్‌ని నొక్కితే ఒత్తిడి చక్రం దాకా వెళుతుంది, బుడగని నొక్కితే బుడగే నలుగుతుంది. చల్లారాక బుడగలు పోతాయి, పెడల్ తిరిగొస్తుంది. చాలా కంపెనీలు రెండేళ్ళకోసారి మార్చమంటాయి. బండి పుస్తకంలో రాసే ఉంటుంది. నేను ఆ పుస్తకం ప్లాస్టిక్ కవర్‌లోంచి బయటికే తియ్యలేదు.

అరువు బండి నాకు నాలుగు రోజులు చెబుతూనే ఉంది. కొత్త బండి కదా అన్న మాట చాటున విననట్టు ఉండిపోయాను. నీ నోట్‌బుక్‌లో "బ్రేకులు: వాళ్ళది 9, నాది 6" అని ఉందని మీ అమ్మ చదివి వినిపించినప్పుడు నా చేతిలో ఫోను వణికింది. పికప్ పక్కన, ఏసీ పక్కన, ఇంకో వరసలా రాసి పేజీ తిప్పేశావు చూడు, నాకు కోపం అక్కడే వచ్చింది. మూడు మార్కుల తేడా ఏమిటే అది?

భయపెడుతున్నానని అనుకోకు. నీ బండికి ఏమీ ఉండకపోవచ్చు. కొన్ని మోడళ్ళలో పెడల్ మొదటినుంచీ మెత్తగానే ఇస్తారు. బ్రేకు ప్యాడ్లు అరిగి ఉండొచ్చు. చూసినవాళ్ళు చెప్పాలి అది, నువ్వూ నేనూ కాదు. నీ బండి ఈ నిమిషాన లిఫ్ట్ మీద ఉంది, చక్రాలు విప్పి ఉన్నా ఉంటాయి. ఇంటికొచ్చాక మళ్ళీ తీసుకెళ్ళాలంటే ఇంకో నెల వాయిదా వేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. అందుకని ఐదో రోజు దాకా ఆగకు. ఇవాళే షోరూమ్‌లో నీ బండి పని చూసే అడ్వైజర్‌కి ఫోన్ చెయ్యి. "బ్రేకులు చెక్ చెయ్యండి" అని గాలికి వదిలే మాట కాదు. ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారు, ప్యాడ్లు ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయి, పైపులు ఉబ్బాయా అని అడిగి, జవాబులు అదే నోట్‌బుక్‌లో "ఎందుకు" గడిలో రాయి. టైర్లు, షాక్‌లు కూడా చూడమని జాబ్ కార్డులో చేర్పించు. వాళ్ళు మార్చాలంటే వెంటనే ఊఁ అనకు, పాత సామాను ఉంచమను, వెళ్ళి కళ్ళతో చూడు.

నీ బండి తెచ్చుకున్న రోజు రద్దీలోకి వెళ్ళకు. ఖాళీ రోడ్డు మీద పది నిమిషాలు నడుపు. కాలు ఇంకా అరువు బండి లెక్కలోనే ఉంటుంది. అప్పుడే మళ్ళీ మార్కులెయ్యి. పని చేయించాక నీ బండికి ఎన్నొస్తాయో చూసి, అమ్ముతావో ఉంచుకుంటావో నీ ఇష్టం. అమ్మినా నేనేమీ అనను. ఆ క్లచ్ మాత్రం అంత మెత్తగా ఇంకే బండిలోనూ దొరకదు. క్రితంసారి నువ్వు నన్ను స్టేషన్‌లో దింపినప్పుడు చూశాను, గేరు మార్చింది తెలియనే లేదు. అంత బాగా నడుపుతావని నీకు మొహం మీద చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతుందని.

బ్రేక్ ఆయిల్ ఏ తేదీన మార్చారో తెలియగానే నాకు మెసేజ్ పెట్టు. తేదీ ఒక్కటి పెట్టినా చాలు. ఈ ఉత్తరం మాత్రం మీ అమ్మ కంటపడనివ్వకు. బండి వేడెక్కిందనే దానికి ఇప్పటికీ తెలుసు.

పెద్దమ్మ