మీటర్ తిప్పిన స్పోర్ట్స్ కారు: డబ్బు వాపసు అడగొచ్చా?

ప్రశ్న: ఏడు నెలల కిందట జూబ్లీహిల్స్‌లోని ఒక వాడిన లగ్జరీ కార్ల షోరూమ్‌లో 2016 మోడల్ పోర్షే 911 కరెరా ఎస్ కొన్నాను. 1 కోటి 18 లక్షలు షోరూమ్ ఖాతాకే బ్యాంకు ద్వారా కట్టాను. ప్రకటనలోనూ, వాట్సాప్‌లో పంపిన వివరాల్లోనూ 14,200 కిలోమీటర్లు తిరిగిందని ఉంది. ఇప్పుడు మీటర్ 16,900 చూపిస్తోంది. మొన్న సర్వీసుకు ఇస్తే, 2021లో మహారాష్ట్రలో చేసిన సర్వీసు జాబ్ కార్డులో 38,600 కిలోమీటర్లని ఉన్నట్టు బయటపడింది. షోరూమ్‌వాళ్లేమో ‘బండి బ్రహ్మాండంగా నడుస్తోంది కదా! ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నానని మీరే సంతకం చేశారు, కిలోమీటర్లకు మా పూచీ లేదని కూడా అందులో ఉంది’ అంటున్నారు. కారు తిరిగిచ్చేసి డబ్బు తీసుకోవచ్చా? పోలీసు కేసు పెట్టాలా?
- ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: అడగొచ్చు. చట్టం మీ వైపే ఉంది. అయితే నోటీసులు, కేసుల కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇవాళ్టి నుంచి ఆ కారు నడపకండి. మోసం తెలియక నడిపిన 2,700 కిలోమీటర్ల వల్ల మీ హక్కుకు భంగం లేదు. తెలిశాక కూడా వాడుకుంటూ పోతే మాత్రం ‘విషయం తెలిసే కారు ఉంచుకున్నాడు, అంటే ఒప్పందాన్ని ఆమోదించినట్టే’ అని అవతలి వకీలు వాదిస్తాడు. ఆ వాదన నెగ్గే అవకాశమూ ఉంది. అలాగే ఏ వర్క్‌షాపులోనూ స్కానర్ పెట్టి పాత ఫాల్ట్ కోడ్‌లు (కారు కంప్యూటర్లలో నమోదైన లోపాల గుర్తులు) చెరిపేయనివ్వకండి. మెకానిక్‌లు మంచి చేస్తున్నామనుకునే ఈ పని చేస్తారు. దాంతో మీ కేసుకు పనికొచ్చే అసలైన సాక్ష్యం పోతుంది.

ఇక సాక్ష్యం సంగతి. మీ చేతిలో ప్రస్తుతం ఉన్నది ఒకే ఒక్క జాబ్ కార్డు. దానికి షోరూమ్ ఏమంటుందో ఇప్పుడే ఊహించవచ్చు: ‘8,600 అని కొట్టబోయి ముందు 3 తగిలింది’. 2021లో 8,600, మొన్న కొన్నప్పుడు 14,200 అంటే లెక్క చక్కగా కుదురుతుంది కాబట్టి ఆ మాట నమ్మేలాగే ఉంటుంది. అందుకే రెండో ఆధారం ఉండి తీరాలి. అది మీ కారులోనే ఉంది.

పోర్షే ఇంజిన్ కంట్రోల్ యూనిట్‌లో ఇంజిన్ మొత్తం ఎన్ని గంటలు నడిచిందో నమోదవుతుంది. మీటర్‌ను వెనక్కి తిప్పేవాళ్లలో చాలామంది డాష్‌బోర్డులో కనిపించే అంకె మార్చి ఊరుకుంటారు, ఈ గంటల జోలికి పోరు. కంపెనీ స్కానర్ ఉన్న వర్క్‌షాపులో ఆ రిపోర్టు తీయించండి. అందులో 1,420 గంటలు ఉన్నాయనుకుందాం. 16,900 కిలోమీటర్లను 1,420తో భాగిస్తే గంటకు 12 కిలోమీటర్లు కూడా రాదు. రోజూ సాయంత్రం ఐకియా సిగ్నల్ దగ్గర నిలబడే కారుకైనా ఏళ్ల తరబడి సగటు అంత తక్కువ ఉండదు, అందులోనూ వారాంతాల్లో ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కారుకు అసలే ఉండదు. అదే 1,420 గంటలకు, 2021 నాటి 38,600కు ఆ తర్వాత తిరిగింది కలిపి 46, 47 వేల కిలోమీటర్లు అనుకుని వేసి చూడండి, సగటు 33 దగ్గర తేలుతుంది. సహజంగా ఉండే అంకె అది. అదే రిపోర్టులో ఇంజిన్‌ను పరిమితి దాటి తిప్పిన సందర్భాలు కూడా, చివరిసారి ఏ గంట దగ్గర జరిగిందో దాంతోపాటు, ఉంటాయి. దాన్నీ ప్రింటు తీసుకోండి.

తర్వాత ఫాల్ట్ మెమరీ. గేర్‌బాక్స్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ యూనిట్లలో లోపం తలెత్తినప్పుడు అప్పటి కిలోమీటర్ల రీడింగ్ కూడా నమోదయ్యే అవకాశం ఉంది. మీటర్ 16,900 చూపిస్తుంటే ఎక్కడో ఒక మూల 31,000 దగ్గర వచ్చిన లోపం పడి ఉంటే, టైపింగ్ పొరపాటు కథ అక్కడితో ముగుస్తుంది. కోడ్‌లు చెరిపించొద్దని మొదటే చెప్పింది ఇందుకే. స్కానింగ్ జరుగుతున్నంతసేపూ వీడియో తీయించండి. ఛాసిస్ నంబర్, తేదీ, మీటర్ రీడింగ్ మూడూ ఒకే ఫ్రేములో కనిపించాలి. రిపోర్టు మీద వర్క్‌షాపు ముద్ర, సంతకం ఉండాలి. మహారాష్ట్ర జాబ్ కార్డుకు కూడా ఛాసిస్ నంబరుతో ధ్రువీకరించిన నకలు తీసుకోండి. పాత యజమాని బీమా క్లెయిమ్ చేసి ఉంటే సర్వేయర్ రిపోర్టులో సాధారణంగా రీడింగ్ ఉంటుంది. అది మీరడిగితే ఇవ్వకపోవచ్చు, కేసు వేశాక వినియోగదారుల కమిషన్ ద్వారా తెప్పించుకోవచ్చు. టైర్ల పక్కన ఉండే నాలుగంకెల తయారీ కోడ్ కూడా ఫొటో తీసి ఉంచండి. 2319 అంటే 2019లో 23వ వారం. 14 వేల కిలోమీటర్ల కారుకు కొనేనాటికే రెండుసార్లు టైర్లు మారి ఉంటే అడగాల్సిన ప్రశ్నే.

వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోన్ మార్చకండి, చాట్ ఎగుమతి చేసి పెట్టుకోండి. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. వినియోగదారుల కమిషన్లలో సాక్ష్య నియమాలను సివిల్ కోర్టులంత కచ్చితంగా పట్టించుకోరు గానీ, రేపు క్రిమినల్ కేసులోకీ ఇదే సాక్ష్యం పోవాలి కాబట్టి ఇప్పుడే సరిగ్గా చేయించండి.

‘బండి బాగానే నడుస్తోంది’ అన్న మాటకు చాలామంది కొనుగోలుదారులు తడబడతారు. వెంటనే కారులో లోపాలు వెతకడం మొదలుపెడతారు. అది తప్పుదారి. బాగా సర్వీసు చేసిన 45 వేల కిలోమీటర్ల 911, ఏళ్లకేళ్లు కవరు కింద నిలబడిన 9 వేల కిలోమీటర్ల కారు కంటే యాంత్రికంగా మెరుగ్గా ఉండటం కొత్త కాదు. నిలబెట్టిన కారులో రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, టైర్లు నేల తాకిన చోట చదునవుతాయి, పెట్రోలు పాడవుతుంది, బ్యాటరీ చస్తుంది. షోరూమ్ తరఫు నిపుణుడు ఇవన్నీ చెప్పి మీ కారు ఇంకా నయమని నిరూపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. మీ ఫిర్యాదు కారు చెడ్డదని కాదు. 14,200 కిలోమీటర్ల కారు ధర తీసుకుని మూడింతలు తిరిగిన కారు ఇచ్చారన్నది మీ ఫిర్యాదు. పిటిషన్‌లో మొదటి పేరా నుంచి చివరి పేరా దాకా ఈ ఒక్క మాట మీదే నిలబడండి.

ఎందుకంటే ఈ తరగతి కార్లలో కిలోమీటర్లే ధర. రోజూ ఆఫీసుకు వెళ్లే సెడాన్‌కు పాతిక వేల కిలోమీటర్ల తేడా వస్తే బేరం కొంచెం అటూ ఇటూ అవుతుంది. స్పోర్ట్స్ కార్లను వాటి యజమానులు సాధారణంగా తక్కువే తిప్పుతారు కాబట్టి, కొనేవాళ్లు వయసు కంటే రీడింగ్‌నే ముందు చూస్తారు. రీడింగ్ పెరిగేకొద్దీ పెద్ద ఖర్చులూ దగ్గరపడతాయి. సిరామిక్ బ్రేకులున్న కారైతే డిస్కు అరుగుదలను బరువు తూచి కూడా చూస్తారు, కనీస బరువు డిస్కు మీదే ఉంటుంది, నాలుగూ మార్చాలంటే లక్షల్లో మాట. తక్కువ సంఖ్యలో తయారైన మోడళ్లలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. కాబట్టి కిలోమీటర్ల గురించి చెప్పిన అబద్ధం బేరంలో పక్క విషయం కాదు, ఒప్పందానికి మూలాన్నే తాకుతుంది.

మన దేశంలో మీటర్ తిప్పడానికంటూ ప్రత్యేక చట్టం లేదు. అయినా ఉన్న చట్టాలు సరిపోతాయి. భారత ఒప్పందాల చట్టం 1872, సెక్షన్ 17 ప్రకారం అబద్ధమని తెలిసీ నిజమని చెప్పడం మోసం. నిజమని నమ్మి చెప్పినా, అది తప్పయితే సెక్షన్ 18 కింద తప్పుడు ప్రకటన. అంటే ‘మమ్మల్ని కూడా పాత యజమాని మోసం చేశాడు’ అన్న షోరూమ్ మాట నిజమే అయినా, సెక్షన్ 19 కింద ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మీకు పోదు. అక్కడ ఒక మినహాయింపు ఉంది, జాగ్రత్తగా చదవాలి. మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకునే వీలు మీకు ఉండి ఉంటే, తప్పుడు ప్రకటన లేదా మౌనం ద్వారా జరిగిన మోసం ఆధారంగా రద్దు కోరలేరు. ‘కొనేముందు స్కాన్ చేయించుకోవాల్సింది’ అని షోరూమ్ అనేది దీన్ని పట్టుకునే. కానీ నోటితో, రాతతో చెప్పిన ఉద్దేశపూర్వక అబద్ధానికి ఈ మినహాయింపు వర్తించదు. 14,200 అని వాళ్లు రాతపూర్వకంగా ఇచ్చారు. అది అబద్ధమని వాళ్లకు తెలుసని చూపించగలిగితే ఆ తలుపు మూసుకుపోతుంది.

తెలుసని చూపించడం ఎలా? 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, వాడిన కార్ల డీలరు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి. యజమాని కారు అప్పగించినప్పుడు ఫామ్ 29సీలో ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. కారును ఎందుకు, ఎవరు, ఎంత దూరం నడిపారో ఎలక్ట్రానిక్ ట్రిప్ రిజిస్టరులో రాయాలి. మీ నోటీసులో ఈ రెండూ, పాత యజమానితో చేసుకున్న కొనుగోలు పత్రమూ అడగండి. కారు వాళ్ల దగ్గరికి వచ్చిన రోజు రీడింగ్ ఎంతో అక్కడ తేలాలి. ఇవ్వకపోతే, అసలు అధికార పత్రమే లేకపోతే, అదీ మీకు అనుకూలంగా నిలబడే అంశమే.

‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న షరతు కారు స్థితికి సంబంధించింది, మోసానికి రక్షణ కవచం కాదు. కిలోమీటర్లకు పూచీ లేదన్న షరతు కూడా అంతే: ఆ అంకె చూపించే ధర వసూలు చేసి, చివరి పేజీలో అదే అంకెను కాదనడం. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 49(2) కింద ఇలాంటి అన్యాయమైన షరతు చెల్లదని ప్రకటించే అధికారం రాష్ట్ర కమిషన్‌కు ఉంది. ఆ ప్రకటన కూడా కోరండి.

నా సలహా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లమని. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షలకు మించి 2 కోట్ల లోపు ఉంది కాబట్టి తెలంగాణ రాష్ట్ర కమిషన్‌లో వేయాలి. ఫీజు 2,500 రూపాయలు. ఒప్పందంలో ‘వివాదాలు ఫలానా ఊరి కోర్టులోనే’ అని ఉన్నా, కోర్టుకు కాక ఆర్బిట్రేటర్ దగ్గరికే వెళ్లాలన్న మధ్యవర్తిత్వ షరతు ఉన్నా మీరు నివసించే చోట వేయొచ్చు. మధ్యవర్తిత్వ షరతు కమిషన్‌ను ఆపలేదని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కారును మీ కంపెనీ పేరున కొని ఉన్నా వెనకాడొద్దు. డైరెక్టరు సొంత వాడకానికి కొన్న కారు వ్యాపార ప్రయోజనం కిందికి రాదని 2024 జులైలో డైమ్లర్ క్రైస్లర్ కేసులో తీర్పు వచ్చింది. మళ్లీ అమ్మి లాభం చేసుకుందామని కొని ఉంటే మాత్రం చట్టం దృష్టిలో మీరు వినియోగదారు అనిపించుకోరు, డబ్బు రాబట్టడానికి సివిల్ దావాయే దారి.

షోరూమ్‌కు కాకుండా పాత యజమాని ఖాతాకే డబ్బు కట్టిన పాఠకులూ ఉంటారు. యజమాని కారును షోరూమ్‌లో ఉంచి అమ్మించే ఈ పార్క్ అండ్ సేల్ పద్ధతిలో షోరూమ్ ‘మేం మధ్యవర్తులం మాత్రమే’ అంటుంది. అప్పుడు కమీషన్ తీసుకున్న షోరూమ్ మీద సేవాలోపం కింద కమిషన్‌లో, అమ్మిన వ్యక్తి మీద సివిల్ కోర్టులో వెళ్లాల్సి రావచ్చు. మీరు షోరూమ్ ఖాతాకే కట్టారు కాబట్టి ఈ చిక్కు లేదు.

ఏం కోరాలన్నది ఆలోచించి తేల్చుకోండి. ఒకటి, కారు వాపసు ఇచ్చి పూర్తి ధర, వడ్డీ, ఆర్సీ బదిలీ, బీమా ఖర్చులు, పరిహారం. రెండు, కారు ఉంచుకుని ధరలో తేడా. మొదటిది ప్రధానంగా, అది కాకపోతే రెండోది అని రెండూ ఒకే పిటిషన్‌లో అడగొచ్చు. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, వాస్తవంలో ఏళ్లు పడుతోంది. అంతకాలం కారు నిలబడి ఉంటే పైన చెప్పిన నష్టాలన్నీ మీ ఇంట్లోనే మొదలవుతాయి. అందుకే కేసు వేసిన రోజే మధ్యంతర ఉత్తర్వు కోరండి: కమిషన్ నియమించిన నిపుణుడు కారును తనిఖీ చేసి రీడింగులన్నీ నమోదు చేయాలని, ఆ తర్వాత కారు కదలక పాడైపోకుండా నెలకోసారి నిర్ణీత దూరం నడిపేందుకు అనుమతించాలని. బ్యాటరీకి మెయింటెయినర్ (చార్జి తగ్గకుండా చూసే పరికరం) తగిలించి ఉంచండి. ధర తేడా లెక్కకు అదే మోడల్, అదే ఏడాది, అంతే మంది యజమానులు మారిన కార్ల ప్రకటనలు తేదీలతో సహా దాచండి. స్వతంత్ర వాల్యూయర్‌తో రెండు అంకెలు రాయించండి: మీరు కొన్న రోజున 14,200 కిలోమీటర్ల కారు విలువ, నిజమైన కిలోమీటర్ల కారు విలువ. ఆ రెండింటి తేడాయే మీ నష్టం. ఇవాళ్టి మార్కెట్ ధర ఇందులో కలపొద్దు.

పోలీసు ఫిర్యాదు చేయొచ్చు. కొన్నది ఏడు నెలల కిందటే కాబట్టి పాత ఐపీసీ కాకుండా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) వర్తిస్తుంది: మోసగించి ఆస్తి రాబట్టడం, ఏడేళ్ల వరకు శిక్ష. అయితే అమ్మేనాటికే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. ఒక్క జాబ్ కార్డుతో వెళ్తే ‘ఇది సివిల్ వ్యవహారం’ అని పంపేస్తారు. స్కాన్ రిపోర్టు, షోరూమ్ కొనుగోలు పత్రం వచ్చాక వెళ్లండి. స్టేషన్‌లో నమోదు చేయకపోతే డీసీపీకి రాతపూర్వకంగా పంపి, ఆపైన మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. వినియోగదారుల కేసు, క్రిమినల్ కేసు రెండూ ఏకకాలంలో నడవడానికి అడ్డంకి లేదు.

ఈ వారంలోనే స్కానింగ్ పూర్తి చేయించి, ‘ఒప్పందాన్ని రద్దు చేసుకుంటున్నాను, కారు అప్పగించడానికి సిద్ధం, 15 రోజుల్లో డబ్బు వాపసు ఇవ్వాలి’ అని స్పష్టంగా రాసిన లీగల్ నోటీసు అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపించండి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మోసం తెలిసిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ, మీరు కొన్న రోజు నుంచే లెక్కేసుకోండి. అలాగైతే మీకు ఇంకా పదిహేడు నెలలుంది.