టమాటా పిందెలు అడుగున నల్లబడుతుంటే మందుకంటే ముందు చూడవలసింది

చలికాలమంతా చక్కగా కాసిన మీ కుండీల్లోని టమాటా మొక్కలు ఎండలు ముదిరిన దగ్గరనుంచి మధ్యాహ్నానికల్లా వాడిపోతున్నాయనీ, పిందెలు అడుగున నల్లబడుతున్నాయనీ, పూత రాలుతున్నదనీ, ఎప్పటిలాగే రోజూ ఉదయం ఒక చెంబు నీళ్ళు పోస్తూ ఎరువు రెట్టింపు చేసినా గుణం కనిపించలేదనీ రాశారు. కాల్షియం కోసం ఏ మందు వాడాలని అడిగారు. పన్నెండేళ్ళుగా కుండీల్లో కూరగాయలు పెంచుతున్న నేను కూడా ఈ మూడు కష్టాలూ పడ్డాను. నాకు తెలిసినంతలో మీ మొక్కలకు ఇప్పుడు కావలసింది మందు కాదు. కాలం మారింది, మొక్క ఏపుగా పెరిగింది, నీళ్ళు పోసే తీరు మాత్రం చలికాలంలో ఉన్నట్టే ఉండిపోయింది.

పిందె అడుగున, అంటే తొడిమకు ఎదురుగా ఉండే కొనలో, మొదట నీరు పట్టినట్టు ఒక మచ్చ కనిపించి, తరువాత అది నల్లబడి తోలులా గట్టిపడి లోపలికి కుంగుతుంటే అది పురుగూ కాదు, ఒక మొక్కనుంచి మరొకదానికి అంటుకునే తెగులూ కాదు. ఆ కొనకు కాల్షియం అందక అక్కడి కణాలు కూలిపోవడంవల్ల అలా జరుగుతుంది. అయితే కాల్షియం అందలేదంటే మట్టిలో కాల్షియం లేదని అర్థం కాదు. వేర్లు పీల్చుకున్న నీటితో పాటే కాల్షియం పైకి ప్రయాణిస్తుంది. ఆకులు ఎక్కువ నీటిని ఆవిరి చేస్తాయి గనుక అందులో పెద్ద వాటా వాటికే పోతుంది, పిందెకు చేరేది కొంచెమే. మట్టి ఒకపూట తడిసి రెండు పూటలు ఎండిపోతుంటే ఆ కొంచెం కూడా మధ్యలో తెగిపోతుంది. దీనికి తోడు నత్రజని ఎక్కువగా ఉన్న ఎరువు వేస్తే మొక్క గుబురుగా ఆకులు వేసి, ఉన్న కాల్షియాన్ని మరింతగా అటే లాగుకుంటుంది. అందుచేత మీరు మేలు చేద్దామని రెట్టింపు చేసిన ఎరువు ఇక్కడ కీడే చేసి ఉంటుంది, దాన్ని వెంటనే ఆపండి.

మొదటిసారి నాకు ఈ కష్టం వచ్చినప్పుడు ఎవరో చెప్పగా కోడిగుడ్డు పెంకులు నలిపి ప్రతి కుండీలోనూ రెండేసి గుప్పెళ్ళు కలిపాను. ఆ పంటకు ఏ ప్రయోజనమూ కలగలేదు. మరుసటి ఏడాది మట్టి తిరగవేసినప్పుడు పెంకు ముక్కలు వేసినవి వేసినట్టే తెల్లగా బయటపడ్డాయి. మెత్తని పొడిగా విసిరితే తప్ప అవి కరగడానికి చాలా కాలం పడుతుంది. అందువల్ల ఈ కాపును కాపాడుకోవడానికి వాటిమీద ఆశ పెట్టుకోకండి.

ఆ ఏడాది నాకు అసలు సంగతి నేర్పినవి పక్కపక్కనే ఉన్న రెండు కుండీలు. రెండింటిలోనూ మొక్కలు ఒకేలా తలలు వాల్చాయి, రెండింటికీ దాహమే అనుకుని మరిన్ని నీళ్ళు పోశాను. నాలుగు రోజుల తరువాత ఒక మొక్క తెల్లవారుజామున కూడా తేరుకోకపోవడంతో కుండీని వాల్చి మట్టిగడ్డను బయటికి తీశాను. కుళ్ళిన వాసన వచ్చింది. తెల్లగా ఉండవలసిన వేర్లు గోధుమరంగుకు తిరిగాయి. ఒక వేరును వేళ్ళతో పట్టి లాగితే పైపొర తొడుగులా ఊడి వచ్చి లోపల సన్నని దారం మాత్రం మిగిలింది. కుండీ అడుగు రంధ్రం మట్టితో పూడుకుపోయి ఉంది. రెండో కుండీలో దీనికి సరిగ్గా విరుద్ధంగా ఉంది. పైన మట్టి తడిగా కనిపిస్తున్నా లోపలి వేర్ల గడ్డ పొడిపొడిగా రాలింది. కొబ్బరిపొట్టు కలిపిన మిశ్రమం ఒకసారి పూర్తిగా ఎండితే కుంచించుకుపోయి కుండీ గోడనుంచి విడిపోతుంది, పోసిన నీళ్ళు ఆ సందులోంచి జారి క్షణంలో అడుగునుంచి బయటికి వచ్చేస్తాయి. అడుగున నీళ్ళు రావడం చూసి మొక్క తాగిందని నేను నమ్ముతూ వచ్చాను.

కాబట్టి ముందుగా మీరు చేయవలసింది వేలును రెండు కణుపుల లోతువరకు మట్టిలోకి దించి చూడడం. అక్కడ తడి తగిలితే నీళ్ళు పోయకండి, పొడిగా ఉంటే అడుగునుంచి కారేదాకా నిదానంగా, ఆగి ఆగి పోయండి. కుండీని కొంచెం పైకెత్తి బరువు చూడడం అలవాటు చేసుకుంటే కొద్ది రోజుల్లో వేలు పెట్టే పని కూడా ఉండదు. నీళ్ళు పోయగానే అడుగునుంచి వచ్చేస్తుంటే, కుండీని నీళ్ళ తొట్టెలో అరగంట ఉంచి బుడగలు రావడం ఆగాక బయటికి తీయండి. కాయలతో ఉన్న పెద్ద టమాటా మొక్కకు మండుటెండల్లో రెండు పూటలా నీళ్ళు అవసరం కావచ్చు, దానికి కనీసం 20 లీటర్ల మట్టి పట్టే కుండీ ఉండాలి. మట్టిపైన ఎండుటాకులో ఎండుగడ్డో రెండంగుళాల మందాన, కాండానికి తగలకుండా పరిస్తే తడి నిలుస్తుంది. నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపకరించింది ఈ పనే.

మధ్యాహ్నం వాడిన మొక్క సాయంత్రానికి దానంతట అదే తేరుకుంటే అది ఎండకు తట్టుకునే తీరు మాత్రమే, కంగారుపడి నీళ్ళు గుమ్మరించకండి. పూత రాలడం గురించి మీరు అంతగా దిగులుపడవలసిన పని లేదు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి రాత్రులు కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి సరిగా పనిచేయదు. మధ్యాహ్నపు ఎండ తగలకుండా నీడవల కట్టండి. వేడి తగ్గగానే పూత నిలుస్తుంది.

ఆకులు ముడుచుకుంటున్నాయని కూడా ఒక మాట రాశారు గనుక దాన్ని జాగ్రత్తగా చూడండి. కింది ఆకులు పచ్చగానే ఉండి గొట్టాల్లా పైకి చుట్టుకుంటే అది వేడివల్ల. కొత్త చిగుళ్ళు చిన్నవిగా, ముడతలు పడి, అంచులు పసుపురంగుకు తిరిగి, మొక్క గిడసబారిపోతే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి మందు లేదు. ఆ మొక్కను పీకివేయడం ఎంత బాధ కలిగించినా మిగిలినవాటికోసం ఆ పని చేయక తప్పదు. పేనుబంక, తెల్లదోమ ఆకుల అడుగున చేరతాయి. చీమలు వరుసకట్టి కాండం ఎక్కుతుంటే పైన పేనుబంక ఉన్నదేమో వెతకండి, ఎందుకంటే దాని తీపి జిగురుకోసమే అవి వస్తాయి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బునీళ్ళతో బాగా కలిపి, ఎండ తగ్గాక, ఆకుల అడుగుభాగం తడిసేలా వారానికొకసారి చొప్పున మూడుసార్లు పిచికారీ చేయండి. ఒక్కసారితో ఆపితే గుడ్లనుంచి వచ్చినవి మళ్ళీ పెరుగుతాయి.

వానలు పడ్డాక ఇదే మొక్కకు ఎదురు సమస్య వస్తుంది. అప్పుడు కుండీల కింది పళ్ళాలు తీసివేసి, ఇటుకలమీద ఎత్తుగా పెట్టి, అడుగు రంధ్రాలను పుల్లతో ఒకసారి శుభ్రం చేయండి.

ప్రస్తుతానికి నల్లబడిన పిందెలను కోసివేయండి, అవి ఇక బాగుపడవు. తడి నిలకడగా ఉంటే రెండు మూడు వారాల్లో వచ్చే కొత్త గుత్తుల పిందెలు అడుగున శుభ్రంగా కనిపించాలి. అప్పుడు ఎరువును ఇదివరకటి మోతాదులో సగంతో, తడిమట్టిమీద మాత్రమే మళ్ళీ మొదలుపెట్టండి.