టెక్ సందేహాలు: మూడు యంత్రాలు చాలు, తలుపులు మాత్రం వేయండి

ప్రశ్న: పీజీలో డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ కోర్సు చదువుతున్నాను. సెమిస్టర్ చివరికి పరిశోధన ప్రాజెక్టు ఇవ్వాలి. రాఫ్ట్ ఆధారంగా కొత్త డేటాబేస్ తయారుచేయాలని మా ముగ్గురి ఆలోచన. క్లౌడ్‌లో ఎన్ని సర్వర్లు తీసుకోవాలి?

జవాబు: ప్రతి సెమిస్టరూ ఈ ప్రశ్న వస్తోంది, ప్రతిసారీ సర్వర్ల లెక్కతోనే వస్తోంది. లెక్క సంగతి తర్వాత చూద్దాం. మీరు తేల్చదలచుకున్నది ఏమిటో ఉత్తరమంతా వెతికినా నాకు కనబడలేదు. రాఫ్ట్ అంటే పలు యంత్రాలు ఒక లీడర్‌ను ఎన్నుకుని, ఒకే సమాచారాన్ని ఒకే వరుసలో దాచుకునేలా చేసే అల్గారిదమ్. దాంతో నడిచే డేటాబేస్‌లు ఇప్పటికే చాలా ఉన్నాయి. ఇంకొకటి తయారుచేస్తే ఎవరికైనా కొత్తగా తెలిసేదేమిటి?

ఒక యంత్రం పంపే సందేశాలు బయటికి వెళ్తున్నాయి, దానికి రావలసినవి మాత్రం రావడం లేదనుకోండి. లీడర్ బాగానే ఉన్నా దాని హార్ట్‌బీట్‌లు, అంటే నేనున్నానని తరచూ పంపే సందేశాలు, ఈ యంత్రానికి గడువులోగా అందవు. దాంతో అది టర్మ్ (ఎన్నిక విడత) సంఖ్య పెంచి ఎన్నిక మొదలుపెడుతుంది, పనిచేస్తున్న లీడర్‌ను దింపేస్తుంది. గడువు తీరిన ప్రతిసారీ ఇదే తంతు. అసలు ఎన్నికకు ముందు మిగతావాటి అభిప్రాయం అడిగే ముందస్తు ఓటు పద్ధతి దీన్ని ఎంతవరకు ఆపుతుంది? 2014 నాటి రాఫ్ట్ పత్రం సూచించిన 150–300 మిల్లీసెకన్ల గడువును పెంచితే ఎన్ని అనవసరపు ఎన్నికలు తగ్గుతాయి, లీడర్ నిజంగా పడిపోయినప్పుడు ఎంత ఆలస్యమవుతుంది? ముగ్గురు ఒక సెమిస్టర్‌లో కొలిచి చూపగల ప్రశ్న ఇది.

ఇక లెక్క. మూడు. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఐదు ప్రసిద్ధ వ్యవస్థల్లోని 198 వైఫల్యాలను పరిశీలించారు. వాటిలో 98 శాతం మూడు లేదా అంతకన్నా తక్కువ యంత్రాలతోనే మళ్లీ పుట్టించగలిగినవి. వ్యవస్థను కూల్చేసినంత పెద్ద వైఫల్యాల్లో 92 శాతానికి కారణం, సాఫ్ట్‌వేర్ స్వయంగా తెలియజేసిన చిన్న ఎర్రర్‌లను సరిగా చూసుకోకపోవడం. అందుకే మొదటి వారాల్లో లాప్‌టాప్ మీదే మూడు ప్రాసెస్‌లు నడిపి, నెట్‌వర్క్ లోపాలను కావాలని పుట్టించే లినక్స్‌లోని నెట్‌ఎమ్‌తో ప్యాకెట్‌లను ఆలస్యం చేయండి, పారేయండి. ప్రాసెస్‌లను మధ్యలో చంపండి.

ఒక్క మాట కఠినంగానే చెబుతాను. టర్మ్‌ను, వేసిన ఓటును, లాగ్‌ను (ఆదేశాల వరుస చిట్టాను) డిస్కు మీద భద్రపరిచాకే జవాబు పంపాలని రాఫ్ట్ నియమం. రాసింది నిజంగా డిస్కుకు చేరేలా చేసే ఎఫ్‌సింక్‌ను పిలవడం మానేసి, వచ్చిన వేగాన్ని గ్రాఫు గీసి చూపించడం విద్యార్థులకు అలవాటైపోయింది. కరెంటు పోతే పోయే సమాచారాన్ని భద్రంగా ఉందని చెప్పే గ్రాఫు అబద్ధం.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది మీరు అడగని సంగతి. క్లౌడ్‌లోకి వెళ్లిన మొదటి రోజే యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడక విసిగిపోయి, ఫైర్‌వాల్‌లో అన్ని పోర్టులూ (నెట్‌వర్క్ సందేశాలు లోపలికి వచ్చే తలుపులు) ప్రపంచానికంతా తెరిచేస్తారు. తర్వాత మూసేద్దామనుకుంటారు, మూయరు. రాఫ్ట్ తన గుంపులోని ప్రతి యంత్రమూ నిజమే చెబుతుందని నమ్ముతుంది. ఆగిపోయిన యంత్రాన్ని తట్టుకుంటుంది, అబద్ధమాడేదాన్ని తట్టుకోదు. ఒక్క అబద్ధాలకోరును తట్టుకోవాలన్నా కనీసం నాలుగు యంత్రాలు, వేరే అల్గారిదమ్ కావాలి. పంపినవారెవరో మీ ప్రోగ్రామ్ సరిచూడకపోతే, బయటివాడు పెద్ద టర్మ్ సంఖ్యతో ఒక్క సందేశం పంపితే చాలు, లీడర్ తప్పుకుంటుంది. తానే లీడర్‌నని చెప్పి మీ లాగ్‌లో తనకు నచ్చింది రాయనూ గలడు. మీ కొలతలు ఎందుకు తేడాగా వస్తున్నాయో మీకు చివరిదాకా అర్థం కాదు.

ఇందులో తప్పంతా మీదే అనను. పాస్‌వర్డ్ అడగకుండా మొదలయ్యే డేటాబేస్‌లను తయారుచేసి, భద్రత గురించి సూచనల పుస్తకంలో ఎక్కడో ఒక మూల రాసి చేతులు దులుపుకునే వారి మీద నాకు ఏళ్లుగా కోపం. 2017 జనవరిలో అలా తెరిచి ఉన్న వేలాది డేటాబేస్‌లను దుండగులు తుడిచిపెట్టి, డబ్బు కట్టమని చీటీ వదిలి వెళ్లారు. ప్రోగ్రామ్‌లను విడివిడి పెట్టెల్లో పెట్టినట్టు నడిపే, బాగా వాడుకలో ఉన్న ఒక కంటైనర్ సాఫ్ట్‌వేర్ ఇంకో అడుగు ముందుకేసింది. పోర్టు తెరవమంటే, చిరునామా ప్రత్యేకించి చెప్పనప్పుడు యంత్రానికున్న అన్ని చిరునామాల మీదా తెరుస్తుంది. లినక్స్‌లో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ సాధనంతో మీరు పెట్టుకున్న అడ్డుగోడను దాటేస్తుంది. గోడ కట్టానని నమ్మిన మనిషిని ఇలా మోసం చేసే డిజైన్‌ను నేను ఏ విధంగానూ సమర్థించలేను.

కాబట్టి పోర్టులను, యంత్రం తనతో తాను మాత్రమే మాట్లాడుకునే చిరునామా 127.0.0.1కో, క్లౌడ్‌లోని ప్రైవేటు నెట్‌వర్క్‌కో కట్టేయండి. బయటినుంచి రావాలంటే ఎస్‌ఎస్‌హెచ్ టనెల్ (గుప్తీకరించిన దారి) వాడండి. యంత్రాల మధ్య ఇరువైపులా ధ్రువపత్రాలు అడిగి, సందేశాలను గుప్తీకరించే టీఎల్‌ఎస్ పెట్టండి; దానివల్ల ఎంత ఆలస్యం పెరిగిందో కొలిస్తే అది కూడా మీ నివేదికలో ఒక ఫలితమే. క్లౌడ్ తాళంచెవులు కోడ్‌లో రాయకండి. ఇప్పటికే రాసి బహిరంగ రిపాజిటరీలోకి పంపి ఉంటే, ఆ వరుస చెరిపేసినంత మాత్రాన పోదు, పాత కమిట్‌లలో (భద్రపరిచిన పాత రూపాల్లో) అలాగే ఉంటుంది. ముందు ఆ తాళంచెవిని రద్దు చేయండి, ఆ తర్వాతే కోడ్ జోలికి వెళ్లండి.