నీళ్లున్నాయి, ధార లేదు

ప్రశ్న: మాది మూడంతస్తుల ఇల్లు. పై అంతస్తు షవర్ విప్పితే నీళ్లు బొట్లు బొట్లుగా రాలతాయి. ట్యాంకు ఆ డాబా మీదే ఉంది. ప్రెషర్ పంపు పెట్టించాలనుకుంటే, ట్యాంకుతో పనిలేకుండా సరఫరా లైనుకే బిగిస్తానని ప్లంబర్ అంటున్నాడు. సరేననవచ్చా?

జవాబు: వద్దు. సరఫరా లైనుకు నేరుగా పంపు పెడితే గొట్టంలో ప్రెషర్ పడిపోయి, ఎక్కడైనా పగులుంటే చుట్టూ ఉన్న మురికి లోపలికి చేరుతుంది. పొరుగువాళ్ల కుళాయిలు ఆరిపోవడం సరేసరి. చాలాచోట్ల నిషేధం కూడా. పంపు ట్యాంకు నుంచే లాగాలి.

10 మీటర్ల ఎత్తు నీటికి వచ్చేది సుమారు 1 బార్ ప్రెషర్. షవర్‌కు 2 మీటర్ల పైన ట్యాంకు ఉంటే దక్కేది 0.2 బార్. అందుకే కింది అంతస్తుల్లో బాగానే వస్తుంది, పైన రాదు. అయినా కొనేముందు ఒకసారి షవర్ తల విప్పి, గొట్టం కింద బకెట్టు పెట్టి చూడండి. అప్పుడు ధారగా వస్తే తప్పు షవర్ రంధ్రాల్లో పేరుకున్న సున్నానిది, పంపు అక్కర్లేదు.

పంపు కావాల్సిందే అయితే ముందు గీజర్ మీది రేకు చదవండి. అది తట్టుకునే గరిష్ఠ ప్రెషర్ దానిమీద ఉంటుంది (0.8 మెగాపాస్కల్ అంటే 8 బార్). పంపు గరిష్ఠ హెడ్ (నీటిని తోయగల ఎత్తు) 30 మీటర్లయితే 3 బార్. ట్యాంకుకు 10 మీటర్ల కింద ఉన్న కుళాయి దగ్గర ఇంకో బార్ కలిసి 4 అవుతుంది. పాత గొట్టాలు, కమోడ్ వెనక ఫ్లెక్సిబుల్ పైపులు ముందుగా దెబ్బతినేది ఇక్కడే.

బిగించే వరస ఇది: ట్యాంకు, బాల్ వాల్వు, వై స్ట్రెయినర్ (చెత్త ఆపే జల్లెడ), యూనియన్ (పంపును విప్పడానికి వీలైన జాయింట్), పంపు, మళ్లీ యూనియన్, ఎన్‌ఆర్‌వీ (నీటిని వెనక్కి రానివ్వని వాల్వు), ఇంకో బాల్ వాల్వు. ట్యాంకు వైపు పైపు పంపు నోటికన్నా సన్నగా ఉండకూడదు. పంపు ట్యాంకు అడుగుకన్నా కిందే ఉండాలి. దాని కింద రబ్బరు ప్యాడ్, పైన వాన తగలని, గాలి ఆడే కప్పు. పెట్టెలో బిగించి మూసేస్తే మోటారు వేడెక్కుతుంది. కరెంటు లేనప్పుడు నీళ్లు ధారాళంగా రావడానికి బైపాస్ లైను (పంపును తప్పించి వెళ్లే పైపు) పెట్టించండి, కానీ దానిలోనూ ఎన్‌ఆర్‌వీ ఉండాలి. లేకపోతే పంపు తోసిన నీరు బైపాస్‌లోంచి వెనక్కి తిరిగి పంపులోకే వస్తుంది, ప్రెషర్ పెరగదు.

కరెంటు పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. విడి ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపే స్విచ్), 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉండి తీరాలి. నీళ్ల పైపునే ఎర్త్‌గా వాడనివ్వకండి. మొదటిసారి స్విచ్ వేసే ముందు పంపు ఒంటి మీది మరమూత (ప్లగ్) వదులు చేసి, గాలి బుడగలు ఆగేదాకా నీరు నింపండి. పొడిగా తిరిగితే లోపలి సీల్ కాలిపోతుంది. ట్యాంకు ఖాళీ అయినప్పుడు ఆపే డ్రై రన్ రక్షణ లేని మోడల్ కొనవద్దు.

ప్రశ్న: ఫ్లో స్విచ్ ఉన్న పంపు పెట్టించాం. కింది కుళాయి తిప్పితే పనిచేస్తుంది, పై షవర్ తిప్పితే మాత్రం ఆన్ కాదు.

జవాబు: ఫ్లో స్విచ్ నీటి కదలికను చూసి పంపును ఆన్ చేస్తుంది. మీ పై షవర్‌లో ఆ కదలికే లేదు! అలాంటి చోటికి, ప్రెషర్ తగ్గితే ఆన్ అయ్యే ప్రెషర్ స్విచ్ రకం కావాలి. షవర్ ట్యాంకుకు మరీ దగ్గరగా ఉన్నవాళ్లు కొనేటప్పుడే ఈ మాట అడగాలి.

ప్రశ్న: ఎవరూ నీళ్లు వాడకపోయినా రాత్రంతా పంపు నిమిషానికోసారి ఆన్ అయి ఆగిపోతోంది.

జవాబు: పంపు తర్వాతి వాల్వు మూసి చూడండి. ఆగిపోతే ఇంట్లో లీకేజీ ఉంది. ముందుగా అనుమానించాల్సింది ఫ్లష్ ట్యాంకును. రంగు కలిపిన నీళ్లు ఆ ట్యాంకులో పోసి అరగంట ఆగండి, లీకుంటే కమోడ్‌లో రంగు కనిపిస్తుంది. వాల్వు మూసినా ఆగకపోతే ఎన్‌ఆర్‌వీ నీటిని వెనక్కి వదులుతోంది. చెత్త ఇరుక్కుందేమో విప్పి కడగండి.

ఇంట్లో కుళాయి తిప్పిన వెంటనే టకటకా ఆన్ ఆఫ్ అవుతుంటే పంపుకు అమర్చిన చిన్న ప్రెషర్ ట్యాంకులో (లోపల గాలి, రబ్బరు సంచి ఉండేది) గాలి తగ్గింది. కరెంటు తీసి, కుళాయి విప్పి ప్రెషర్ సున్నా చేశాకే గాలి కొలవాలి. పంపు 1.5 బార్ దగ్గర ఆన్ అయ్యేదైతే గాలి 1.3 ఉండాలి, సైకిల్ పంపుతో నింపవచ్చు. గాలి వాల్వులోంచి నీళ్లొస్తే లోపలి రబ్బరు సంచి చిరిగినట్టే, దాన్ని మార్చాల్సిందే.