మీ ప్రశ్నలు – మా జవాబులు: తేనుడుత బతుకుతుందా?

ప్రశ్న: మనుషులు అంతరించిన కోటి ఏళ్లకు మహేంద్రగిరి అడవుల్లో తిరిగే ఒక జంతువును ఊహించాను. ఉడుత సంతతి, పేరు తేనుడుత. బరువు 2 కిలోలు, అడుగు పొడవు నాలుక, పళ్లు లేవు. ఏడాదంతా ఇప్పపూల మకరందమే తిండి. నమ్మేలా ఉందా?
– ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: పేరు బాగుంది, లెక్కే నిలవదు. కిలోల్లో బరువుకు 0.75 ఘాతం కట్టి 70తో గుణించండి. క్షీరదం కదలకుండా పడుకున్నా రోజుకు ఖర్చయ్యే కిలో క్యాలరీలు సుమారుగా వస్తాయి. కొమ్మలెక్కి తిరిగేదానికి రెండున్నర రెట్లు వేసుకోండి. 2 కిలోలకు 295 దాకా తేలుతుంది. 20 శాతం చక్కెర ఉన్న మకరందం గ్రాముకు 0.8 ఇస్తుంది కాబట్టి రోజుకు 370 గ్రాములు కావాలి. పువ్వుకు 0.1 గ్రాము చొప్పున చూస్తే 3,700 పూలు! అదే 40 గ్రాముల జంతువుకు 16 కిలో క్యాలరీలు, 200 పూలు చాలు. బరువు అక్కడికి దించండి.

ఇప్పపువ్వు సంగతి మీ వైపు వాళ్లకు చెప్పాలా? తీపంతా కండపట్టిన రేకుల్లోనే ఉంటుంది, తెల్లవారేసరికి రాలిపోతుంది. దానికి నమిలే పళ్లు కావాలి. పైగా పూత మార్చి, ఏప్రిల్ నెలల్లోనే. అంతకుముందు బూరుగు, మోదుగ పూస్తాయి సరే, వానాకాలం మాటేమిటి? ఆస్ట్రేలియా నైరుతి మూలన తేనె పోసమ్ అనే 10 గ్రాముల పొట్టసంచి జంతువు పళ్లు పుల్లల్లా కుదించుకుపోయినా బతుకుతోందంటే, అక్కడ ఏడాది పొడవునా ఏదో ఒక పువ్వు ఉంటుంది. మీ అడవికి ఆ సౌకర్యం లేదు. ఉడుతకు ఎప్పటికీ పెరిగే ముందుపళ్లు ఉన్నాయి కదా, వాటిని ఉంచండి. బెరడు కొరికి రసం నాకుతుంది, జీలుగు గెలను గాటుపెట్టి కల్లూ తాగుతుంది. వానల్లో పురుగులు తింటుంది. మకరందంలో మాంసకృత్తులు దాదాపు ఉండవు. పురుగులైనా పుప్పొడైనా లేకపోతే తల్లికి పాలు పడవు, పిల్లలు చస్తాయి. ఈ లోపం ఇలాంటి ఊహల్లో తరచూ కనిపిస్తుంది.

ఇక నాలుక. ఈక్వడార్‌లోని ఒక గబ్బిలానికి 8.5 సెంటీమీటర్ల నాలుక ఉంది, ఒంటి పొడవుకు ఒకటిన్నర రెట్లు. దాని మొదలు గుండెకూ రొమ్ము ఎముకకూ మధ్య ఒదుగుతుంది. అంత నాలుక వచ్చిందంటే అంత లోతు గొట్టం ఉన్న పువ్వు అక్కడ ఉంది. బూరుగు పువ్వు విప్పిన దొప్ప, కొన కుచ్చులా ఉన్న నాలుక రెండు సెంటీమీటర్లున్నా సరిపోతుంది. పొడవు నాలుకే కావాలంటే ముందు పువ్వును గీయండి, జంతువును తర్వాత.

ప్రశ్న: నా జంతువు రాత్రి తిరిగేది. దాని కోసం ఎర్రపూలు వేశాను. తప్పా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: తప్పని కాదు, వృథా. చీకట్లో ఎరుపు నల్లగానే కనిపిస్తుంది. గబ్బిలాలు వచ్చే బూరుగూ ఎర్రదే, కానీ వాటిని రప్పించేది రంగు కాదు. మీ పువ్వుకు తెలుపో లేత పసుపో వేసి, ఘాటైన పులుపు వాసన పెట్టండి. ఆకుల్లో దాచకుండా కొమ్మ చివరనో మానుమీదో పూయించండి. కాడ మందంగా ఉండాలి, సన్నకాడైతే 40 గ్రాముల బరువుకే పువ్వు తెగి జంతువుతో పాటు కిందపడుతుంది.