సీసా మీద అంకె చూడకుండా మందు పొయ్యొద్దు

అమ్మీ,

నిన్న రాత్రి పదిన్నరకు నువ్వు ఫోన్ చేసి, 'మామా, చిన్నోడి ఒళ్ళు కాలిపోతోంది, జ్వరం సిరప్ ఎంత పొయ్యాల' అని అడిగితే నేను నిద్రమత్తులో 'ఐదు ఎంఎల్ పొయ్యి' అని చెప్పి పెట్టేశాను. పెట్టినాక గుర్తొచ్చింది, అది ఏ సీసానో అడగనే లేదని. మళ్ళీ ఫోన్ చేసి, ఐదు ఎంఎల్‌కు 120 మిల్లీగ్రాములు అని నువ్వు సీసా మీద చదివి వినిపించేదాకా నా ప్రాణం కుదుటపడలేదు. పొద్దుటూరులో అన్నేళ్ళు మందుల షాపులో కూర్చున్నవాణ్ణి నేనే అట్లా చెబితే ఇంక ఇంట్లో వాళ్ళ సంగతేంది? అందుకే తెల్లారగానే కూర్చుని రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

పారాసెటమాల్ అనేది ఒకటే మందు, కానీ సీసాలు ఒకటి కాదు. ఒక సిరప్‌లో ఐదు ఎంఎల్‌కు 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉంటుంది, ఇంకోదాంట్లో అదే ఐదు ఎంఎల్‌కు 250 ఉంటుంది, పసిపిల్లల డ్రాప్స్‌లో అయితే ఒక్క ఎంఎల్‌కే 100 ఉంటుంది. చానామంది డ్రాప్స్ అంటే చిన్నపిల్లలది కాబట్టి పల్చగా ఉంటుందనుకుంటారు. అది సిరప్ కంటే రెండు నుంచి నాలుగు రెట్లు చిక్కనిది. సిరప్ అనుకొని డ్రాప్స్ ఐదు ఎంఎల్ పోశావంటే 500 మిల్లీగ్రాములు, అంటే పెద్దోళ్ళు వేసుకునే మాత్ర మొత్తం ఆ పసిగుడ్డు కడుపులోకి పోయినట్టే.

లెక్క చెబుతా, కాగితం మీద రాసి బీరువాకు అంటించుకో. బిడ్డ బరువు ప్రతి కిలోకు ఒక్కసారికి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. మనవాడు 11 కిలోలు, కాబట్టి 110 నుంచి 165 మధ్యలో ఎంతైనా సరిపోతుంది. 120 సిరప్ అయితే ఐదు ఎంఎల్. 250 సిరప్ అయితే రెండున్నర. డ్రాప్స్ అయితే ఒక ఎంఎల్, దాని మీద ఇంకో పావు. ఒకసారి పోసినాక నాలుగు గంటల లోపల మళ్ళీ పొయ్యకూడదు, ఆరు గంటలు ఆగితే ఇంకా మంచిది, రోజు మొత్తానికి నాలుగు సార్లు దాటకూడదు. ఇదే 250 సీసాతో ఐదు ఎంఎల్ చొప్పున నాలుగు సార్లు పోస్తే రోజుకు 1000 మిల్లీగ్రాములు అవుతుంది, అంటే కిలోకు 90 పైనే. రెండు మూడు రోజులు అట్లా నడిచిందంటే లివర్ దెబ్బతినొచ్చు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పే మాట కాదు. షాపు పెట్టిన కొత్తలో ఒక తల్లికి ఎప్పుడూ ఇచ్చే 120 సీసా అయిపోతే 250 ఇచ్చి పంపాను, 'సగం పొయ్యి' అనే మాట చెప్పడం మరిచిపోయాను. మూడో రోజు ఆమె సీసా తీసుకొని వచ్చి ఇంకా ఉందా అని అడిగితే తెలిసింది. దేవుడి దయవల్ల బిడ్డకు ఏమీ కాలేదు, డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయి రక్తపరీక్ష చేయించాను. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి సీసా మార్చి ఇస్తే మూత మీద పెన్నుతో ఎంఎల్ రాయకుండా ఎవరి చేతికీ ఇవ్వలేదు.

వయసును బట్టి పొయ్యొద్దు. వెనకటికి కాంపౌండర్లు వయసును వయసు ప్లస్ 12తో భాగించి, పెద్దోళ్ళ డోసులో అంత వంతు ఇచ్చేవాళ్ళు. నేనూ మొదట అదే నేర్చుకున్నా. దాని ప్రకారం ఏడాదిన్నర పిల్లోడికి తొమ్మిదో వంతు, అంటే 500లో 55 మిల్లీగ్రాములు. మనోడికి కావాల్సిన దాంట్లో మహా అయితే సగం. జ్వరం తగ్గదు, తగ్గలేదని ఇంట్లోవాళ్ళు గంటకోసారి పోస్తూ పోతారు, అసలు ప్రమాదం అక్కడే వస్తుంది. అదీగాక ఒకే వయసు పిల్లల్లో ఒకడు 9 కిలోలు, ఇంకోడు 13 ఉంటాడు. బరువు అంగన్‌వాడీలో చూపించు, లేదా నువ్వు బిడ్డను ఎత్తుకొని మిషన్ ఎక్కు, తర్వాత ఒక్కదానివే ఎక్కి తీసెయ్యి. రెండు నెలలకొకసారి చూసి కార్డులో రాయి.

ఇంట్లో చెంచా, ఉగ్గుగిన్నె, సీసా మూత, ఇవేవీ వాడొద్దు. ఒక చెంచాలో మూడు ఎంఎల్ పడుతుంది, ఇంకోదాంట్లో ఏడు పడుతుంది. సూది లేని సిరంజి అయితే గీత తప్పదు, బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెం పొయ్యొచ్చు, గొంతులోకి ఒక్కసారి కొట్టొద్దు.

ఇంకోటి, పోసిన టైము గోడమీద క్యాలెండర్‌లో రాయాల్సిందే. మీ అత్తమ్మ పోసింది నీకు తెలియదు, నువ్వు పోసింది అల్లుడికి తెలియదు. జలుబు సిరప్‌లలో కూడా చానావాటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది, వెనక అట్ట మీద చదవకుండా రెండూ పోస్తే డబుల్ అయిపోతుంది. అసలు దగ్గు, జలుబు సిరప్‌లు రెండేళ్ళ లోపు పిల్లలకు వద్దే వద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి పసిబిడ్డలు కిడ్నీలు పాడై చనిపోయారు, దాంట్లో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం ఉంది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఇంక వేరే జ్వరం మందుల సంగతి. ఆస్పిరిన్ పిల్లలకు వద్దు. నిమెసులైడ్ పన్నెండేళ్ళ లోపువాళ్ళకు ఇవ్వకూడదని 2011లోనే నిషేధించారు, ఎవరిచ్చినా తీసుకోవద్దు. ఐబుప్రోఫెన్ డాక్టరు రాస్తేనే. డెంగీ అయితే దాంతో రక్తస్రావం భయం, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీళ్ళు తగ్గి ఉంటే కిడ్నీకి దెబ్బ. మన ఎండల్లో పిల్లలు ఎంత తొందరగా వాడిపోతారో నీకు తెలుసు కదా.

యాంటీబయాటిక్ పొడి సీసా అయితే కాచి చల్లార్చిన నీళ్ళు గీతదాకా పోసి కలపాల, దాంట్లో ఎంత పొయ్యాలనేది డాక్టరు చీటీలో ఉన్నదే. పోయినసారి మిగిలింది ఈసారికి వాడొద్దు.

మూడు నెలల లోపు బిడ్డకు జ్వరమొస్తే ఈ లెక్కలేవీ వద్దు, నేరుగా ఆసుపత్రికే. మనోడికైనా ఫిట్స్ వచ్చినా, పాలు తాగకుండా మగతగా పడుకున్నా, ఆయాసపడినా, ఆరేడు గంటలు ఉచ్చ పొయ్యకపోయినా నాకు ఫోన్ చెయ్యొద్దు, 108కి చెయ్యి. పొరపాటున ఎక్కువ పోశామని తెలిస్తే బిడ్డ బాగానే ఆడుకుంటున్నాడు కదా అని ఆగొద్దు. పారాసెటమాల్ ఎక్కువైతే మొదటిరోజు ఏమీ కనపడదు, లివర్ చెడిన సంగతి రెండో రోజుకో మూడో రోజుకో బయటపడుతుంది. దానికి విరుగుడు మందు ఉంది, ఎనిమిది గంటల లోపల ఎక్కిస్తే బాగా పని చేస్తుంది. సీసా చేతిలో పట్టుకొని పో, ఎన్ని ఎంఎల్ పోశావో దాచకుండా చెప్పు, ఎవరు తిట్టినా పడు.

ఆదివారం వస్తున్నారుగా, ఇంట్లో ఉన్న మందు సీసాలన్నీ ఒక సంచిలో వేసుకొని రా, ఒక్కోదాని మీద చిన్నోడికి ఎంతో రాసిస్తా. సిరంజిలు రెండు తీసిపెట్టా. ఈ రాత్రి జ్వరం ఎంతుందో థర్మామీటర్ పెట్టి చూసి చెప్పు, చెయ్యి పెట్టి కాదు.

మీ మామ